దుఃఖం రెండో ప్యాకేజీలో ఉంది

కొబ్బరిపేట పురపాలక సంఘంలో విచారం రద్దయిన రోజునే సూరిబాబు బదిలీ అర్జీ పట్టుకుని వెళ్ళాడు. వాడి టైమింగు ఎప్పుడూ అంతే.

సూరిబాబు పన్నుల సెక్షన్లో గుమాస్తా. పెళ్ళాం సుభాషిణి తేనెగూడెం ఆస్పత్రిలో నర్సు. తేనెగూడెం అంటే కొండల్లో ఉంటుంది. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి, అదీ డ్రైవరు గారు దారిలో వాళ్ళ చెల్లెలింటికి భోజనానికి దిగకపోతే, చేరతారు. వాళ్ళ కూతురు లాస్య అక్కడే తల్లి దగ్గర పెరుగుతోంది. పోయిన నెల సూరిబాబు భుజాన బ్యాగుతో గుమ్మంలో నిలబడితే, ఆ పిల్ల తలుపు సందులోంచి చూసి లోపలికి కేకేసింది.

"అమ్మా! గ్యాసంకుల్ వచ్చాడే!"

సుభాషిణికి నవ్వాగలేదు. "పోన్లే బావా, సిలిండరు తెచ్చేవాడితో పోల్చింది. పాత ఇనుము కొనేవాడితో పోల్చలేదు, సంతోషించు" అంది. సూరిబాబు కూడా నవ్వాడు. తిరుగు బస్సులో మాత్రం నవ్వలేదు.

దిగీ దిగగానే అర్జీ రాశాడు. కారణం అన్నచోట "భార్యాబిడ్డలకు దూరమై బెంగగా ఉన్నందున" అని రాసి సూపర్నెంటు పేరిశాస్త్రి గారి బల్ల మీద పెట్టాడు. పేరిశాస్త్రి గారు దాన్ని చదవలేదు. వాసన చూసినట్టు మొహం దగ్గరగా పెట్టుకుని, వెంటనే దూరం జరిపారు.

"సూరిబాబు గారూ, ఇది తెలుగులో ఉంది."

"నేనెప్పుడూ తెలుగులోనే కదండీ రాసేది?"

"విషయం తెలుగులో ఉండొచ్చునండి. బెంగ తెలుగులో ఉండకూడదు. మనోభావములు, దినచర్య, ఈ రెండున్నూ ఇకమీదట కార్యాలయ ఆవరణలో ఇంగ్లీషులోనే వ్యక్తపరచవలెనని ఈ ఉదయమే ఉత్తర్వు వెలువడినది."

ఉత్తర్వు వెలువరించింది కమిషనర్ చక్రధర్ గారు. ఆయన ఎక్కడో చల్లటి ఊళ్ళో పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకి వెళ్ళొచ్చారు. వచ్చిన దగ్గర్నించీ ఆయన కాలవల గురించి మాట్లాడ్డం మానేశారు. "కాలవలు అన్ని ఊళ్ళలోనూ ఉంటాయి. ప్రపంచ స్థాయి పట్టణానికి కావలసింది ప్రపంచ స్థాయి ఫీలింగ్స్" అని స్టాఫ్ మీటింగులో చెప్పారు. ఆ పక్కనే కాలవ పొంగి మీటింగు హాల్లోకి వస్తుంటే అందరూ కాళ్ళు కుర్చీల మీద పెట్టుకుని విన్నారు.

సూరిబాబు కాస్త బుర్ర పెట్టాడు. "సరేనండి, బెంగగా ఉందన్నదాన్నే ఇంగ్లీషులో రాసిస్తాను."

"రాయలేరు."

"నాకొచ్చునండి. శాడ్ అని..."

పేరిశాస్త్రి గారు గబుక్కున లేచి తలుపు మూశారు. "మెల్లగా అనండి బాబూ! ఆ మాట మనకింకా రాలేదు."

అసలు సంగతి ఏంటంటే, రోడ్డు పనైనా మనసు పనైనా ప్యాకేజీలుగా విడగొట్టి చెయ్యడం మన డైరెక్టరేటు వారి పద్ధతి. మొదటి ప్యాకేజీలో హ్యాపీ, ఫైన్, ఎక్సైటెడ్, ప్రౌడ్. రెండో ప్యాకేజీలో శాడ్, యాంగ్రీ, టైర్డ్, హంగ్రీ, అఫ్రెయిడ్. కొబ్బరిపేటకి మొదటిది వచ్చేసింది. మెళ్ళో ఐడీ కార్డు తాడు వేలాడేసుకున్న ట్రైనర్ కుర్రాడొకడు వచ్చి, ఆ నాలుగు మాటలూ నేర్పేసి, టిఫిను చేసి వెళ్ళిపోయాడు. రెండో ప్యాకేజీ కాంట్రాక్టు దక్కనివాడు కోర్టుకెళ్ళాడు.

"అందుచేత దుఃఖం మీద స్టే ఉంది" అన్నారు పేరిశాస్త్రి గారు.

"మరి నాకు బెంగగా ఉందే?"

"ఉండకూడదండి. కోర్టు ధిక్కారం కిందకొస్తుంది. ఉన్నవాటిలో ఏదో ఒకటి రాయండి."

సూరిబాబు వేరే దారి లేక హ్యాపీ అని రాశాడు. సాయంత్రానికల్లా అర్జీ తిరిగొచ్చింది. "ఉద్యోగి ఇచ్చటనే సంతోషముగా నున్నందున బదిలీ అవసరము కనపడుట లేదు."

మర్నాటి నుంచి పొద్దున్నే ఆఫీసు మెట్ల దగ్గర మైకు పెట్టారు. ఒక్కొక్కళ్ళూ వచ్చి తమ దినచర్య, ఫీలింగూ చెప్పి లోపలికి వెళ్ళాలి. ప్యాకేజీలో ఉన్న దినచర్య ఒకటే. "ఐ వేకప్ ఎట్ ఫైవ్. ఐ టేక్ బాత్. ఐ డ్రింక్ మిల్క్. ఐ గో టు బెడ్ ఎట్ నైన్. ఐ యామ్ హ్యాపీ."

"నేను పాలు తాగనండి, టీ తాగుతాను" అన్నాడు సూరిబాబు మైకులో.

"వాక్యంలో పాలున్నాయండి" అన్నారు పేరిశాస్త్రి గారు.

"వాక్యం మార్చచ్చుగా?"

"వాక్యాన్ని డైరెక్టరేటు వారు అప్రూవ్ చేశారు. మిమ్మల్ని చెయ్యలేదు."

దాంతో క్యాంటీన్లో టీ గిన్నె మీద పాలు అని కాగితం అంటించారు. ఎవరికీ ఇబ్బంది లేదు. అల్లం పాలు, డికాషన్ ఎక్కువేసిన పాలు, పాలు లేని పాలు, అన్నీ దొరికేవి.

ఇబ్బంది వచ్చింది వీరాస్వామి దగ్గర. వీరాస్వామి వాటర్ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. ఊరంతా పడుకున్నాక మోటారు వేసి ట్యాంకు నింపుతాడు. "మీరు తొమ్మిదింటికి పడుకుంటున్నట్టు రోజూ మైకులో ప్రకటిస్తూ, పడుకోకపోవడం తప్పుడు ప్రకటన అవుతుంది" అని అతనికి మెమో ఇచ్చారు. పాపం వీరాస్వామి, సర్వీసులో చేరాక ఎన్నడూ ఎరగని నిద్ర, తొమ్మిదయ్యేసరికి మోటారు కట్టేసి హాయిగా ముసుగుతన్నాడు. తెల్లారేసరికి కొబ్బరిపేటలో ఏ కుళాయి తిప్పినా గాలి వచ్చింది.

సిబ్బంది మాత్రం మైకులో "ఐ టేక్ బాత్" అని చెబుతూనే ఉన్నారు. దగ్గరగా నిలబడితే ఎవరూ నమ్మేవారు కాదు.

అప్పటికి సూరిబాబుని ఫిర్యాదుల కౌంటర్లో వేశారు. హ్యాపీ అనే మాట వాడి నోట్లో స్పష్టంగా పలుకుతోందని కమిషనర్ గారు మెచ్చుకున్నారట. కౌంటరు మీద బోర్డుంది: "ముందుగా మీ ఫీలింగ్ ఇంగ్లీషులో ప్రకటించి, తదుపరి విషయానికి రావలెను."

మొట్టమొదటి రోజే చేపల వీధి ఆదెమ్మ మామ్మ ఖాళీ బిందె చంకనేసుకుని వచ్చింది. మామ్మ నోటికి చేపల వీధిలో పిల్లులు కూడా దారిచ్చేవి.

"ఒరే అబ్బాయ్, నీళ్ళు రావట్లేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది."

"మామ్మా, ఆ మండడం ఇంగ్లీషులో చెప్పాలే."

"చెప్పరా, ఏవనాలో చెప్పు, అంటాను. కోపాన్ని ఇంగ్లీషులో ఏవంటార్రా?"

సూరిబాబు పేరిశాస్త్రి గారి వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపారు.

"కోపం ఇంకా రాలేదు మామ్మా."

"నాకొచ్చింది కదరా!"

"నీకొచ్చింది. మునిసిపాలిటీకి రాలేదు. కోర్టులో ఉంది."

"మరి ఏముంది మీ దగ్గర?"

"హ్యాపీ, ఫైన్, ఎక్సైటెడ్, ప్రౌడ్."

మామ్మ వాటిలో పొట్టిది ఏరుకుంది. "సరే. ఫైనే. నీళ్ళు రావట్లేదు, ఫైన్. నా మనవడు చొక్కా మీద చొక్కా తొడుక్కుని కంపు కొడుతూ బడికెళ్ళాడు, ఫైన్. మీ కమిషనరు ఇంట్లో బోరు మోటారు పెట్టించుకున్నాడంట, ఇంకా ఫైన్. రాసుకో!"

పేరిశాస్త్రి గారు స్వయంగా రాసుకున్నారు. ఫైన్ అన్నవాళ్ళకి ఫిర్యాదు ఉండదు కనక, మామ్మ చెప్పిందంతా అభినందనల కింద చేర్చారు. ఆ వారం చేపల వీధి నుంచీ, గొల్లపాలెం నుంచీ, రైస్‌మిల్లు వెనకాల లైన్ల నుంచీ అభినందనలు వెల్లువెత్తాయి. కొందరు రాళ్ళతో కూడా అభినందించారు.

ఆ మధ్యలోనే మాజీ చైర్మన్ గారు కాలం చేశారు. సంతాప సభలో కమిషనర్ గారు పటం ముందు నిలబడి, మంజూరైన మాటలన్నీ మనసులో ఒకసారి తడుముకుని, గద్గద స్వరంతో అన్నారు: "హి ఈజ్ నో మోర్. వుయ్ ఆర్ ఆల్ వెరీ ఎక్సైటెడ్." పోయినాయన పెద్దకొడుకు లేచి కండువా నడుముకి బిగించుకుంటే నలుగురు పట్టుకుని కూచోబెట్టాల్సి వచ్చింది.

రాష్ట్రమంతటా సర్వే జరిగింది. కొబ్బరిపేటలో అసంతృప్తి సున్నా. తేనెగూడెంలో సంతృప్తి సున్నా. మొదటి బహుమతి అందుకుని కమిషనర్ గారు ఊరేగింపుగా వచ్చారు. రోడ్డు తడపడానికి నీళ్ళు లేక, దుమ్ములోనే వచ్చారు. వెనకాలే పైనుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది: మిగులు సంతోషమున్న పట్టణములు, లోటున్న పట్టణములకు సంతోషవంతులైన సిబ్బందిని డిప్యుటేషన్ మీద పంపవలెను.

"తేనెగూడెం అండి" అన్నారు పేరిశాస్త్రి గారు. "కొండప్రాంతం, ఎవరూ వెళ్ళరు. మీరేమైనా..."

సూరిబాబు ఆ వాక్యం పూర్తవ్వకముందే బస్సెక్కేశాడు.

మొదటి వారం లాస్య వాణ్ణి గ్యాసంకుల్ అనే పిలిచింది. రెండో వారం గ్యాసు పోయి అంకుల్ మిగిలింది. "ఇంకొక్క పదిరోజులాగు బావా, అంకుల్ కూడా పోతుంది" అంది సుభాషిణి.

ఉద్యోగంలో చేరడానికిచ్చిన రెండు వారాల గడువూ అయ్యాక వెళితే, తేనెగూడెం ఆఫీసులో కూడా మెట్ల దగ్గర మైకుంది. సూపర్నెంటు సన్యాసిరావు గారు పక్కనే నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. అది జలుబు. కానీ ఆ ఆఫీసులో అదే పద్ధతిగా కనిపించింది. సూరిబాబు కంటే ముందున్న డ్రైవరు, కూతురి పెళ్ళి కుదిరిందని లడ్డూల పళ్ళెం పట్టుకుని, నవ్వు ఆపుకోలేకపోతూ, "ఐ యామ్ వెరీ శాడ్, తీసుకోండి తీసుకోండి" అంటూ పంచుతున్నాడు.

సూరిబాబు వంతొచ్చింది. పొద్దున్నే కూతురు వాడి వేలు పట్టుకుని వీధి చివరిదాకా నడిచింది. ఆ ఊపులో మైకు పట్టుకుని, "ఐ యామ్ హ్యాపీ!" అన్నాడు.

అందరూ లడ్డూలు నవలడం ఆపేశారు.

"ఆ మాట మాకు రాలేదండి" అన్నారు సన్యాసిరావు గారు మెత్తగా. "మాకు వచ్చింది రెండో ప్యాకేజీ. ఇక్కడ కోర్టు స్టే లేదు. మొదటిది నిధుల్లేక ఆగిపోయింది."

"నన్ను పంపిందే హ్యాపీగా ఉన్నానని కదండీ! ఆ మాట నేను కొబ్బరిపేట నుంచి తెచ్చుకున్నాను."

"డిప్యుటేషన్ మనిషికిచ్చారండి. మాటకివ్వలేదు. ఆ మాట కొబ్బరిపేట పురపాలక సంఘం వారి ఆస్తి. అక్కడే అప్పజెప్పి రావలసింది. ఇక్కడ శాడ్ ఉంది, టైర్డ్ ఉంది. అందరూ శాడే వాడతారు. కానివ్వండి, వెనకాల లైనుంది."

సూరిబాబు లైను చూశాడు. ఒక్క మాటే కదా, పోయేదేముందని శాడ్ అనేశాడు. దినచర్య కూడా చెప్పాడు. రెండో ప్యాకేజీలో దినచర్య మిగతా సగం: "ఐ వర్క్ ఎట్ నైట్. ఐ కమ్ హోమ్. ఐ యామ్ టైర్డ్."

వాడి వెనక నిలబడ్డ రికార్డ్ అసిస్టెంటు మరిడయ్య మాత్రం "ఐ యామ్ హంగ్రీ" అన్నాడు. వెంటనే క్యాంటీన్ నుంచి వేడివేడి ఉప్మా పొట్లం వచ్చింది. మరిడయ్య పొట్లం విప్పుతూ సూరిబాబుని జాలిగా చూశాడు. "శాడ్ అన్నావేంటి గురూ? టైర్డ్ అంటే సెలవిస్తారు. యాంగ్రీ అంటే మెమో ఇస్తారు. శాడ్ అన్నవాణ్ణి కారుణ్య ప్రాతిపదిక మీద హ్యాపీగా ఉండే ఊరికి పంపించేస్తారు. ఈ ఆఫీసులో సగం కుర్చీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయనుకున్నావు?"

తిరిగి కొబ్బరిపేట పొమ్మనే ఉత్తర్వు చేతికొచ్చిన రోజు బస్టాండులో లాస్య వాణ్ణి చూసి ఏదో పిలవబోయి, ఏమని పిలవాలో తేల్చుకోలేక నోట్లో వేలేసుకుంది. అంకుల్ అనలేదు. "ఇంకో రెండ్రోజులు ఉంటే అనేసేది" అని సుభాషిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొబ్బరిపేట కౌంటర్లో మళ్ళీ అదే కుర్చీ. ఎదురుగా మళ్ళీ అదే బిందె.

"ఏరా, దేశాలు తిరిగొచ్చావు. కోపం వచ్చిందా?" అంది ఆదెమ్మ మామ్మ.

సూరిబాబు అటూ ఇటూ చూశాడు. పేరిశాస్త్రి గారు డికాషన్ ఎక్కువేసిన పాలు తాగడానికి వెళ్ళారు. వాడు కౌంటరు కన్నంలోంచి తల బైటపెట్టి, మామ్మ చెవిలో చెప్పాడు. మామ్మ దాన్ని రెండుసార్లు నమిలి చూసింది.

"యాంగ్రీ. బాగుందిరా. కరకరలాడుతోంది" అని బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న సిబ్బంది మైకు దగ్గరికి రాలేకపోయారు. చేపల వీధీ, గొల్లపాలెం, రైస్‌మిల్లు లైన్లూ మొత్తం అక్కడే ఉన్నాయి. బిందెల మీద గరిటెలతో వాయిస్తూ, మామ్మ మైకు అందుకుని అంటుంటే వెనకాల ఆడవాళ్ళంతా అందుకుంటున్నారు.

"ఐ యామ్ యాంగ్రీ!"

"వుయ్ ఆర్ యాంగ్రీ!"

కమిషనర్ గారు పేరిశాస్త్రి గారినీ సూరిబాబునీ వెంటేసుకుని వెనక గుమ్మంలోంచి గదిలో దూరి గడియ పెట్టుకున్నారు. "శాస్త్రి గారూ, వాళ్ళని వెళ్ళిపొమ్మనండి! నిబంధనలు చెప్పండి!"

"ఇంగ్లీషులోనే ఉందండి సార్" అన్నారు పేరిశాస్త్రి గారు. "పబ్లిక్ వారు మంజూరైన మాటలే వాడాలని మనం రాయడం మర్చిపోయాం."

తలుపు మీద ఏదో పడింది. చప్పుడుని బట్టి ఇత్తడి బిందె. కమిషనర్ గారు డైరెక్టర్ గారికి ఫోన్ చేశారు. అవతలి గొంతు గది అంతా వినిపించింది.

"ముందు మీ ఫీలింగ్ చెప్పవయ్యా."

కమిషనర్ గారి నుదుటి మీంచి చెమట కారి ఫోను మీద పడింది. "సార్... ఐ యామ్... ఎక్సైటెడ్ సార్."

"గుడ్! కీపిటప్" అని డైరెక్టర్ గారు పెట్టేశారు.

ఇంకోసారి చేశారు. ఈసారి ఫైన్ అన్నారు. డైరెక్టర్ గారు అభినందించారు.

"సార్, మీకు కావలసిన మాట అఫ్రెయిడ్ అండి" అన్నాడు మూలనున్న సూరిబాబు.

"తెలుసయ్యా! నేను ఎమ్మే ఇంగ్లీషు! తెలిస్తే చాలదు, మంజూరు కావాలి! నేనే ఉత్తర్వు ఇచ్చి నేనే తప్పితే నా బహుమతి వెనక్కి తీసుకుంటారు!"

"మీరు అనకండి సార్. తేనెగూడెంలో ఆ మాట మంజూరై ఉంది. నేను ఈ క్షణం నుంచి శాశ్వతంగా తేనెగూడెం ఉద్యోగినైతే, మీ తరఫున నేను అంటాను. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు." జేబులోంచి బదిలీ అర్జీ తీసి బల్ల మీద పరిచాడు. మడతలు పడి పడి మెత్తగా గుడ్డలా అయిపోయింది అది. దాని పక్కన ఇంకో కాగితం పెట్టాడు. "అలాగే వీరాస్వామిని కూడా కాగితం మీద తేనెగూడేనికి మార్చండి. వాళ్ళ దినచర్యలో ఐ వర్క్ ఎట్ నైట్ ఉంది. ఈ ఊళ్ళోనే ఉండి మోటారు వేసుకుంటాడు."

"ఇది బ్లాక్‌మెయిల్ అయ్యా!"

"ఐ యామ్ ఫైన్ సార్" అన్నాడు సూరిబాబు.

రెండో బిందె పడింది. కమిషనర్ గారు రెండు కాగితాల మీదా సంతకం పెట్టారు. వంకరగా పడితే పేరిశాస్త్రి గారు మోచెయ్యి పట్టుకుని సాయం చేశారు. సూరిబాబు సిరా ఆరనిచ్చి, ఫోను అందుకున్నాడు.

"నమస్కారం సార్, తేనెగూడెం ఉద్యోగిని మాట్లాడుతున్నాను. కొబ్బరిపేట కమిషనర్ గారు అఫ్రెయిడ్ సార్. వెరీ వెరీ అఫ్రెయిడ్. బల్ల కిందకి వెళ్ళారు సార్."

డైరెక్టర్ గారు పంపిన పోలీసులు వచ్చేలోపల వీరాస్వామిని నిద్ర లేపి మోటారు వేయించారు. కుళాయిల్లో ముందు దగ్గు వచ్చింది, తర్వాత తుప్పు వచ్చింది, ఆ తర్వాత నీళ్ళొచ్చాయి. పోలీసులు దిగేసరికి అక్కడ ఎవరూ లేరు. అందరూ నీళ్ళు పట్టుకోవడానికి పరిగెత్తారు.

సూరిబాబు ఇప్పుడు తేనెగూడెంలో ఉంటున్నాడు. పొద్దున్నే మైకు దగ్గర నిలబడి, కడుపు నిండా చద్దన్నం తిని వచ్చినా, పొట్ట లోపలికి లాక్కుని "ఐ యామ్ హంగ్రీ" అంటాడు. సన్యాసిరావు గారు ముక్కు తుడుచుకుంటూ పొట్లం అందిస్తారు. ఆ పొట్లం వాడు విప్పడు. సాయంత్రం ఇంటికి పట్టుకెళతాడు.

మొదటి రోజు గుమ్మంలో నిలబడగానే లాస్య తలుపు సందులోంచి తొంగిచూసింది. ఆ పిల్ల చూపు వాడి మొహం మీంచి చేతిలో పొట్లం మీదకి దిగింది. తర్వాత మళ్ళీ మొహం మీదకెక్కింది.

"అమ్మా!" అని కేకేసింది లాస్య. "ఉప్మా నాన్నొచ్చాడే!"

సుభాషిణి వంటింట్లోంచి వచ్చేసరికి సూరిబాబు గుమ్మంలోనే కూలబడి, పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీకుండా ఉన్నాడు.

"ఏమైంది బావా? ఎలా ఉంది?"

"అడక్కే" అన్నాడు వాడు కళ్ళు తుడుచుకుంటూ, వీధి వైపు భయంగా చూసి. "తలుపెయ్యి ముందు. ఎవరైనా వింటే మళ్ళీ ట్రాన్స్‌ఫర్ చేసేస్తారు."